మ-7 ఎవరు

2013 జులై 8, సోమవారం నాడు అరకులోయ క్షేత్ర అధ్యయనానికి నన్ను బాధ్యురాలిగా నియమిస్తూ ఉత్తర్వు చేతికి వచ్చింది. అప్పటికి నేను మైదానంలోని ఒక సామాజిక శాస్త్ర పరిశోధన కేంద్రంలో సీనియర్ ఫెలోని. మా దగ్గర హోదాలు నాలుగే: రీసెర్చ్ అసిస్టెంటు, ఫెలో, సీనియర్ ఫెలో, డైరెక్టరు. సీనియర్ ఫెలో అంటే అధ్యయనానికి పథకం రాసి, తానే ఊళ్లకు వెళ్లి, చివర్న నివేదికలో ప్రతి వాక్యానికీ జవాబు చెప్పవలసిన మనిషి. కొండ వ్యవసాయంలో ఉమ్మడి నిర్ణయాలు ఎలా జరుగుతాయన్నది విషయం. గడువు ఇరవై నెలలు. నేను గడువుకు నాలుగు రోజుల ముందే, 2015 మార్చి 4న నివేదిక అప్పగించాను. ఆ సంగతి అప్పట్లో గొప్పగా ఉండేది. ఇప్పుడు చెప్పబోయేది అందులో నేను చేసిన పొరపాటు.

మా వృత్తిలో ఒక నియమం ఉంది. మనతో మాట్లాడినవారి పేరు బయటపెట్టకూడదు. ఊరి పేరు కూడా మార్చాలి. మనిషికొక కోడ్ ఇస్తాం. మహిళలకు మ, పురుషులకు ప, పక్కన వరుస సంఖ్య. ఏ కోడ్ ఎవరిదో చెప్పే కాగితాన్ని ‘కీ’ అంటాం. అది వేరే బీరువాలో, వేరే తాళం కింద ఉంటుంది. నివేదిక అచ్చయ్యాక కీని నాశనం చేసి, చేసినట్టు రిజిస్టరులో ఇద్దరు సంతకం పెట్టాలి. మనం రాసిన దానివల్ల రేపు ఎవరి మీదా కేసు పడకూడదు, ఇరుగుపొరుగుల మధ్య గొడవ రాకూడదు అన్నది దాని ఉద్దేశం. మంచి ఉద్దేశమే. ముప్ఫై ఏళ్లు దాన్ని ఒక్కసారి కూడా తప్పకుండా పాటించాననే అనుకున్నాను.

నేరేడుగుడ నా అధ్యయనంలో ‘గ్రామం-ఖ’. ఇళ్లు నలభై ఒకటి. ఉదయపు కిరండూల్ పాసింజరులో అరకు దిగి, జీపులో పదకొండు కిలోమీటర్లు వెళ్లి, అక్కణ్ణుంచి ఆరు కిలోమీటర్లు నడవాలి. అక్కడ పద్నాలుగు మందితో వివరంగా మాట్లాడాను. నవంబరులో ఎనిమిది మంది మహిళలు, డిసెంబరులో ఆరుగురు పురుషులు, రోజుకొకరు చొప్పున.

మ-7 ని కలిసింది నవంబరు 21, గురువారం. మర్నాడు అరకు సంత, అందుకని ఆవిడ చిక్కుడు గింజలు ఒలుచుకుంటూ కూర్చుంది. వయసు డెబ్బై దాకా ఉంటుంది. ఊరి వెనకున్న కొండకు ఏడు వాలులు. ఒక్కో వాలులో రెండేళ్లు పోడు కొట్టి సామలు, చోళ్లు, కందులు వేస్తారు. తర్వాత దాన్ని వదిలేసి పక్క వాలుకు పోతారు. వదిలేసిన వాలును వాళ్లు ‘కొండ పడుకుంది’ అంటారు. ఏడు రెళ్లు పద్నాలుగు కాబట్టి ప్రతి వాలూ పన్నెండేళ్లు పడుకుని మళ్లీ లేస్తుంది. ఆవిడకు సంవత్సరాల సంఖ్యలు రావు. “పెద్దగుంట పుట్టిన ఏడు అయిదో వాలు. రెండో గుంటడికి పాలు మానిపించిన ఏడు ఆరోది,” అంటూ నలభై ఏళ్ల సాగును వరసగా చెప్పింది. నేను పిల్లల వయసులు అడిగి రాసుకుని, వచ్చాక లెక్కగట్టి పట్టిక వేశాను. ఎక్కడా ఒక్క ఏడాది కూడా తేడా రాలేదు. నివేదికలో అది తొమ్మిదో పట్టిక.

లేచి వస్తుంటే ఆవిడ అడిగింది, “నా పేరు రాసుకున్నావా?” అని. రాయలేదనీ, మీకు ఏ ఇబ్బందీ రాకూడదని దాస్తున్నామనీ చెప్పాను.

“నా కొండ గురించి నాను సెప్తే నాకేటమ్మా ఇబ్బంది?” అని నవ్వింది.

‘సరదాగా అన్నారు’ అని బ్రాకెట్లో రాసుకున్నాను.

2015 ఏప్రిల్ 30న కీని ముక్కలు చేసే యంత్రంలో పెట్టి రిజిస్టరులో సంతకం చేశాను. నివేదిక ప్రతి ఒకటి నేరేడుగుడ గ్రామసభకు నేనే తీసుకెళ్లి ఇచ్చాను. మరుసటి ఏడాది వానల్లో ఆవిడ పోయిందని ఎవరో చెబితే తెలిసింది.

2018 ఫిబ్రవరి 6, మంగళవారం. నా గదికి ఒక నలభై అయిదేళ్ల మనిషి వచ్చింది. చేతిలో మా నివేదిక, దానికి పాత క్యాలెండరు కాగితంతో అట్ట. పేరు జమున, అంగన్‌వాడీలో ఆయా, పదో తరగతి దాకా చదివింది. నేరేడుగుడ నుంచి తెల్లవారకముందే బయల్దేరిందట. తొమ్మిదో పట్టిక తెరిచి వేలు పెట్టింది.

“మేడమ్, ఈ పెద్దగుంట నానే. ఈ మాటంతా మాయమ్మది.”

వచ్చిన పని చెప్పింది. అటవీ హక్కుల చట్టం కింద ఊరంతా కలిసి ఏడు వాలుల మీదా సామూహిక హక్కుకు దావా వేశారు. అలాంటి దావా మూడు మెట్లు ఎక్కాలి: గ్రామసభ, సబ్ డివిజన్ కమిటీ, జిల్లా కమిటీ. రెండో మెట్టులో వెనక్కి తిప్పారు. ఉపగ్రహ చిత్రంలో ఆ వాలులు పచ్చగా అడవిలా కనిపిస్తున్నాయి, సాగు ఆనవాలు లేదు అని రాశారు. అందులో అబద్ధం లేదు. పడుకున్న కొండ పచ్చగానే ఉంటుంది. పెద్దల వాంగ్మూలాలు చట్టం ఒప్పుకుంటుంది, కాని అవి దావాదారులవి కాకూడదు. ఊరంతా దావాదారులే అయినప్పుడు ఊళ్లో ఎవరు చెప్పినా దావాదారు మాటే అవుతుంది. దావా వేయకముందు, బయటివారు నమోదు చేసిన సాక్ష్యం ఏదైనా ఉంటే తెమ్మన్నారు. వాలుకు రెండు సాక్ష్యాలు చొప్పున కావాలి. గడువు మార్చి 15. అంటే ముప్ఫై ఏడు రోజులు. అది దాటితే అక్కడ మొక్కలు నాటే పథకం వస్తుంది. నాటాక పోడుకే కాదు, విస్తళ్లు కుట్టే అడ్డాకులకు కూడా ఆ వాలులోకి వెళ్లడం కుదరదు.

“పుత్తకం సూపించినాం మేడమ్. మ-7 అంటే మీ అమ్మే అని ఎవులు సెప్పారు అని అడిగినారు. గ్రామం-ఖ మీ ఊరే అని ఏటి రుజువు అన్నారు. మీరు సెప్పాలి.”

కీ లేదని చెప్పాను. ఎందుకు లేదో నియమంతో సహా వివరించాను. ఆమె ఓపిగ్గా విన్నది.

“దాసినారు, సరే. దాసినోలే ఎక్కడ దాసినారో తెలవకుండా సేసుకుంటే ఏటండి?” అంది. తర్వాత ఇంకోమాట అంది. “మా ఊల్లో ఎవులి మాటైనా వోల్ల పేరు సెప్పకండా సెప్తే అది దొంగమాట.”

అది నాకు తెలిసిన సంగతే. వాళ్ల సభలో ఎవరు లేచినా, ఇంకొకరు అన్న మాట ఎత్తేముందు ‘ఇది పలానా వారి మాట’ అని మొదలుపెడతారు. పోయినవారి మాటకైనా అంతే. ఆ ఆనవాయితీని నేను 2013లోనే గమనించి రాశాను. జమున వెళ్లాక ఆ పేజీ తీసి చూసుకున్నాను. అరవై ఒకటో పేజీ. ‘గ్రామం-ఖ లో ఒకరి మాట చెప్పేముందు ఆ మనిషి పేరు చెప్పడం తప్పనిసరి (మ-3).’ పేరు చెప్పకుండా మాట చెప్పకూడదన్న మాటను, చెప్పినావిడ పేరు తీసేసి అచ్చువేశాను. మూడేళ్లలో ఒక్క సమీక్షకుడు కూడా అది పట్టుకోలేదు. నేనూ పట్టుకోలేదు.

మా కేంద్రంలో ప్రతి గురువారం చర్చ ఉండేది. ఫిబ్రవరి 8న ఈ విషయమే పెట్టమని అడిగాను. అక్కడ జరిగిన వాదన ఈ రోజుల్లో మా శాస్త్రంలో అన్నిచోట్లా జరుగుతున్నదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

డైరెక్టరు గారిది సూటి వాదన. మాట ఇచ్చాం, నిలబెట్టుకోవాలి. ఒక కోడ్ విప్పితే రేపు ఏ ఊళ్లోనూ మనల్ని నమ్మరు. దావా వారి వ్యవహారం, మనది పరిశోధన. ఆయన చెడ్డమనిషి కాదు. గతంలో ఒక నివేదికలో ఊరి పేరు బయటపడి ముగ్గురు స్టేషను చుట్టూ తిరగడం ఆయన చూశారు.

మాధవి అప్పటికి ఫెలో, నాకంటే ఇరవై రెండేళ్లు చిన్న. కొత్త సిద్ధాంతాలన్నీ చదివేది. ‘జ్ఞాన అన్యాయం’ అన్న మాటను మా చర్చల్లోకి తెచ్చింది ఆమే. ఒక మనిషికి ఆస్తిలోనో కూలిలోనో జరిగే అన్యాయం ఒకటి. ఆ మనిషికి తెలిసినదాన్ని తెలివిగా లెక్కపెట్టకపోవడం ఇంకొకటి. కోడ్ పెట్టడం రెండో రకం అన్యాయమని ఆమె వాదన. “మనం మాట్లాడితే సిద్ధాంతం, వాళ్లు మాట్లాడితే సమాచారం. సమాచారానికి పేరెందుకని మనమే అనుకున్నాం. ఎవరడిగారు వాళ్లను? పద్నాలుగు పేర్లూ తిరిగి ఇచ్చెయ్యాలి,” అంది.

మధ్యలో ఇంకొకరు పాత తగాదా తెచ్చారు. అన్యాయాన్ని సరిదిద్దడమంటే గుర్తింపు ఇవ్వడమా, వనరులు పంచడమా అన్నది ఆ తగాదా. పేరొస్తే కడుపు నిండదు, ముందు కొండ రావాలి కదా అని ఆయన. పుస్తకాల్లో ఆ రెండూ రెండు శిబిరాలు. నేరేడుగుడలో మాత్రం పేరు లేకపోవడం వల్లే కొండ ఆగిపోయింది. అది చెప్పాను. ఆసక్తికరమైన ఉదాహరణ అన్నారు.

చర్చ రెండు గంటల పది నిమిషాలు సాగింది. అంతసేపట్లో ఆవిడ పేరు ఎవరూ ఎత్తలేదు. నియమం ప్రకారం ఎత్తకూడదు. నేనూ ఎత్తలేదు. ఏ నిర్ణయమూ లేకుండా లేచాం.

మర్నాడు ఉదయం ఇంట్లో నా పాత డైరీల పెట్టె తీశాను. నాకు చిన్నప్పటి నుంచీ రోజూ నాలుగు లైన్లు రాసే అలవాటు. ఎక్కణ్ణుంచి ఎక్కడికి, ఎంత నడక, ఎంతసేపు పని. ఉద్యోగంతో సంబంధం లేని సొంత అలవాటు అది. 2013 నవంబరు 21 పేజీలో ఇలా ఉంది: ‘నే.గు. పనసచెట్టు ఇల్లు. ఎడమచేతి వాటం మనిషి. 3 గం. 40 ని. చిక్కుడు గింజలు. నేనూ ఒలిచాను.’ ఆఫీసులో మ-7 ఇంటర్వ్యూ పత్రం మీద తేదీ నవంబరు 21, నిడివి 220 నిమిషాలు. మూడు గంటల నలభై నిమిషాలంటే రెండు వందల ఇరవై. సరిపోయింది. పద్నాలుగు పత్రాలూ పద్నాలుగు పేజీలతో సరిచూశాను. తేదీ, నిడివి, ఇంటి ఆనవాలు, మూడూ అన్నిటికీ కలిశాయి.

అప్పుడు అర్థమైంది ఇది. కీని నాశనం చేశానని సంతకం పెట్టాను గాని, ఇంకో కీ నాలుగేళ్లకు పైగా నా ఇంట్లో ఇనప్పెట్టెలోనే ఉంది. నియమాన్ని ఒక్కసారి కూడా తప్పలేదనుకున్నదాన్ని, మొదటి రోజు నుంచీ తప్పుతూనే ఉన్నాను. వాళ్ల పేర్లు ఎవరికీ తెలియకుండా పోలేదు. నాకు తెలుసు, వాళ్లు రుజువు చేసుకోలేరు. దాచినది ఎవరి నుంచి అన్న ప్రశ్న ఆ రోజు దాకా నాకు రాలేదు.

డైరెక్టరు గారికి ఫైలులో రాశాను. ఒకటి, డైరీ సంగతి ఒప్పుకున్నాను. రెండు, పద్నాలుగు మందినీ తిరిగి అడగబోతున్నానని తెలియజేశాను. అనుమతి అడగలేదు, తెలియజేశాను. ఫైలు భాషలో ఈ రెంటికీ తేడా ఉంది. ఆయన చదివి, ‘చూశాను’ అని మాత్రం సంతకం చేశారు.

ఫిబ్రవరి 12న నేనూ మాధవీ నేరేడుగుడ చేరాం. పద్నాలుగు మందిలో ముగ్గురు పోయారు. ఆ ముగ్గురూ మహిళలే. వారి తరఫున ఇంటివారిని అడిగాను. మిగిలిన పదకొండు మందినీ ఒక్కొక్కరినే, పక్కన ఎవరూ లేకుండా కలిశాను. ఎవరెవరితో 2013లో మాట్లాడానో ఊరందరికీ తెలుసు, ఏ మాట ఎవరిదన్నదే తెలియదు. అందరినీ ఒకే ప్రశ్న అడిగాను: మీరప్పుడు చెప్పింది మీరే చెప్పారని కమిటీకి రాసివ్వవచ్చా? నివేదికలో వారి మాటలున్న చోట్లన్నీ చదివి వినిపించాకే అడిగాను. ఆరు రోజులు పట్టింది.

మ-3 పాంగి లచ్చి. ఆవిడకు అరవై ఒకటో పేజీ చదివితే పగలబడి నవ్వింది. “నాను సెప్పిందే సెప్పి నా పేరే మింగీసినావా! ఓలమ్మో, ఎంత సదువుకున్నావే!” అని కోడలిని పిలిచి మరీ చెప్పింది. నాకు మంచి మొట్టికాయ అది.

పదమూడు మంది సరేనన్నారు. ఒక్కరు వద్దన్నారు. ప-4.

ఆయన కాఫీ గింజలు ఆరబోస్తున్నాడు. 2013లో ఆయన నాకు ఒక సంగతి చెప్పాడు, అది నివేదికలో నలభై మూడో పేజీలో ఉంది. అందులో కొన్ని దుంగల ప్రస్తావన ఉంది. అంతకంటే ఇక్కడ చెప్పను. నేను చదివి వినిపించాక ఆయన గింజలు ఒకసారి తిరగేశాడు.

“నా పేరొత్తే కొండొత్తాది, నాను పోతాను. వొద్దు మేడమ్,” అన్నాడు. మళ్లీ గింజల మీదికి వంగి, “నాను వొద్దన్నానని కూడా ఎవులికీ సెప్పకండి,” అన్నాడు.

సరేనన్నాను. జీపు దిగే చోటికి నడుస్తూ మాధవితో అన్నాను, ఎవరో చెప్పకుండా, వద్దన్న ఒక్కరిని వదిలి పదమూడు పేర్లు ఇచ్చేద్దామని. సగం దూరం నడిచాక నాకే తప్పు తట్టింది. పద్నాలుగులోంచి పదమూడు తీస్తే ఒకటి మిగులుతుంది. నేనెవరితో మాట్లాడానో ఊళ్లో అందరికీ తెలుసు. పదమూడు కోడ్‌లు విప్పితే పద్నాలుగోది విప్పినట్టే. ఆయన పేరు దాచాలంటే ఆయన్ని ఒక గుంపులో దాచాలి. ఆ గుంపు పురుషులు ఆరుగురే. ప కోడ్‌లు ఒక్కటీ విప్పకూడదు. ఒక్కటి విప్పినా మిగిలినవాళ్లు తమదీ విప్పమంటారు, అడగనివాడు ఆయనొక్కడే అవుతాడు. మహిళల ఎనిమిది మాత్రం విప్పవచ్చు.

దానివల్ల ఏం పోతుందో కూడా లెక్క వేశాను. మొదటి ఆరు వాలులకు మహిళల మాటల్లోనే రెండేసి సాక్ష్యాలున్నాయి. ఏడో వాలు దూరం. దాని గురించి మహిళల్లో మ-7 ఒక్కరే చెప్పారు. రెండో సాక్ష్యం పురుషుల్లో ఒకరిది. ప కోడ్‌లు మూసి ఉంచితే ఏడో వాలు పోయే ప్రమాదం ఉంది.

మాధవికి ఇది నచ్చలేదు. అయిదుగురు తమ పేరు కావాలంటున్నారు, ఒక్కరి కోసం అయిదుగురిని మళ్లీ అంకెలు చేస్తామా, ఇది డైరెక్టరు గారి వాదనే కదా అంది. ఆమె అడిగింది న్యాయమైనదే. కాని దానికి జవాబు చెప్పవలసింది మేమిద్దరం కాదు. మళ్లీ వెనక్కి ఎక్కాం.

ఫిబ్రవరి 18, ఆదివారం గ్రామసభ. ఇంటికొకరు తక్కువ కాకుండా వచ్చారు. కొందరు చర్చి నుంచి నేరుగా వచ్చారు. నేను లెక్కంతా చెప్పాను. ఒకరు వద్దన్నారు, ఆ ఒకరు ఆడో మగో కూడా చెప్పను, కాని ప కోడ్‌లన్నీ మూసి ఉంచితేనే ఆ మనిషికి ఇచ్చిన మాట నిలుస్తుంది అన్నాను. తర్వాత చూసుకుంటే ఆ వాక్యంలోనే మగవాడని చెప్పేశానని తెలిసింది. సభలో అది వెంటనే పట్టేశారు.

“వొద్దన్నోడు మగోడే అన్నమాట. ఎవుడబ్బా?” అని వెనక నుంచి ఒకడు.

లచ్చి లేచింది. “ఎవుడని ఎవుడడిగితే ఆడే అనుకుంటాం. ఊరుకో.”

నవ్వులు. ఆ తర్వాత మరెవరూ అడగలేదు.

మూడు గంటలు మాట్లాడారు. ఏడో వాలు పోతే తమ ఇంటికి ఎంత నష్టమో ఒక్కొక్కరూ చెప్పారు. ఒకాయన కోపంగా, ఒక్కడి పిరికితనానికి ఊరు కొండనెందుకు ఒగ్గేయాలి అన్నాడు. జమున లేచి, “ఇది మాయమ్మ మాట,” అని మొదలుపెట్టింది. పోడు కొట్టేటప్పుడు ఒక ఇంట్లో జబ్బు మనిషి ఉంటే ఆ ఇంటి వంతు అందరూ కొట్టాలని, ఏం జబ్బని అడగకూడదని ఆవిడ అనేదట. అంతే చెప్పి కూర్చుంది. నాతో ఆవిడ ఆ మాట అనలేదు. నా పత్రంలో లేదు.

అప్పుడు నేను మాట్లాడిన ఆరుగురు మగవాళ్లలో ఒకాయన లేచాడు. ఏడో వాలు సాక్ష్యం తనదేనని ఆయనే చెప్పాడు. సభలో చెప్పాడు గాని కాగితం మీద పెట్టమనలేదు కాబట్టి పేరు రాయను. “నా మాట నా కాడే ఉంటాది, ఎక్కడికి పోద్ది? ఆడోల్ల పేర్లు తీసుకెల్లండి మేడమ్. బేగి ఎల్లండి, గడువైపోతాది,” అన్నాడు. మిగిలినవాళ్లు చేతులెత్తారు. నేను మాట్లాడినవారిలో ఆరుగురు మగవాళ్లూ ఎత్తారు. అంటే ప-4 కూడా ఎత్తాడు. వద్దన్నదెవరో తెలియకుండా ఉండాలంటే ఆయనా ఎత్తాలి మరి.

మార్చి 12న, గడువుకు మూడు రోజుల ముందు, కమిటీకి ప్రమాణ పత్రం ఇచ్చాను. ఎనిమిది కోడ్‌లకు ఎనిమిది పేర్లు, గ్రామం-ఖ అంటే నేరేడుగుడ అని, దానికి ఆధారంగా ఇంటర్వ్యూ పత్రాలు, నవంబరు డైరీ పేజీల ధ్రువీకరించిన నకళ్లు. అధికారి చదివి, మీ సంస్థ నియమాల ప్రకారం మీరిది చెయ్యకూడదు కదా అని అడిగారు. చెయ్యకూడదని, ఆ సంగతి నాలుగో పేరాలో రాశానని చెప్పాను. ఆయన నాలుగో పేరా చదివి స్వీకరించారు.

ఏప్రిల్ 5న సంయుక్త తనిఖీ. అంటే రెవెన్యూ, అటవీ సిబ్బంది, గ్రామసభ ముగ్గురూ కలిసి నేల మీద చూడడం. సర్వేయరు జీపీఎస్ పట్టుకుని ముందు, జమున తొమ్మిదో పట్టిక పట్టుకుని పక్కన, నేను వెనక. నా మోకాళ్లకు అప్పటికి యాభై తొమ్మిదేళ్లు. మొదటి నాలుగు వాలుల్లో రాళ్ల కుప్పలు, పాత గట్లు కనిపించాయి. అయిదో వాలులో పొదలు తప్ప ఏమీ లేదు. సర్వేయరు తల అడ్డంగా ఊపాడు. మ-7 పత్రంలో అయిదో వాలు దగ్గర ఒక వాక్యం ఉంది: బండలో రోలు తొలిపించాం, పెద్దగుంటను పక్కన పడుకోబెట్టి అక్కడే సామలు దంచాను అని. జమున కత్తితో పొద నరుక్కుంటూ వెళ్లి, గంటా పది నిమిషాల తర్వాత కేక వేసింది. బండలో రోలు. లోతు కొలిపించాను, పదకొండు అంగుళాలు. ఆ లోతు రెండేళ్లలో రాదు, అనేక సార్లు వచ్చి దంచితేనే వస్తుందని అటవీ సిబ్బందిలోని పెద్దాయనే అన్నాడు. అది తనిఖీ పత్రంలోకి ఎక్కింది. ఆరో వాలు కూడా కుదిరింది.

ఏడో వాలులో నేల మీద ఏ గుర్తూ దొరకలేదు. మ-7 మాట ఒక్కటే ఉంది. రెండో సాక్ష్యం ఉందా అని సర్వేయరు అడిగాడు. లేదని నేనే చెప్పాను. అది తన మాటేనని సభలో చెప్పిన ఆ పెద్దమనిషి నాకు పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. కొండ కిందికి ఒకసారి చూసి, అందరితో పాటు దిగాడు.

2018 నవంబరులో ఆరు వాలులకు సామూహిక హక్కు పత్రం వచ్చింది. ఏడోది ఇప్పటికీ పెండింగే.

అదే ఏడాది నాకు మెమో ఇచ్చారు. గోప్యత నియమ ఉల్లంఘన, సర్వీసు రిజిస్టరులో నమోదు. అప్పీలు చేసుకోమని మాధవి పట్టుబట్టింది. నేను చేయలేదు. అందులో రాసింది నిజమే. ఒక తేదీ తప్పు పడితే దిద్దించి, తర్వాత సంతకం పెట్టాను.

2019 జూన్ 30న పదవీ విరమణ. దానికి పదహారు రోజుల ముందు, శుక్రవారం, అరకు సంతకు వెళ్లాను. 2013 డిసెంబరు డైరీ పేజీలు ఆరూ కత్తిరించి ఆరు కవర్లలో పెట్టుకున్నాను. ఆరుగురినీ వేర్వేరు చోట్ల పట్టుకుని ఎవరి పేజీ వారికిచ్చి, ఇదొక్కటే ఉందని, ఇక నా దగ్గర నకలు కూడా లేదని చెప్పాను. కొందరు దాన్ని ఏం చేశారో చూశాను. అది వారి సంగతి.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు పేరు దాచడం మంచిదా, చెప్పడం మంచిదా అని నన్ను అడుగుతుంటారు. దానిమీద మంచి పుస్తకాలున్నాయి, రెండువైపులా గట్టి వాదనలున్నాయి. చదవమంటాను. నాకు తెలిసింది చిన్న సంగతి. ఆ ప్రశ్నకు జవాబు పద్నాలుగు మందిలో పద్నాలుగు రకాలుగా ఉండవచ్చు, నేను ఒక్క జవాబు రాసుకుని వెళ్లాను. ఉద్యోగంలో మిగిలిన ఆఖరి ఏడాదిలో మా సమ్మతి పత్రానికి రెండు ప్రశ్నలు చేర్పించాను. మీ పేరు రాయాలా, దాచాలా? కీ ప్రతి ఒకటి మీ ఊళ్లో ఎవరి దగ్గర ఉంచాలి? రెండోది చేర్చడానికి డైరెక్టరు గారితో ఏడు సమావేశాలు పట్టింది. ఆఖరికి ఆయనే, ఊరి దగ్గర ఉంటే మనం పోగొట్టినా ఫర్వాలేదు కదా అని సంతకం చేశారు.

నివేదిక రెండో ముద్రణలో ఒక సవరణ పేజీ ఉంది. ఇంటివారి అనుమతితో దాని మీది వరుసల్లో రెండు ఇక్కడ మళ్లీ రాస్తున్నాను.

గ్రామం-ఖ: నేరేడుగుడ.
మ-7: కిల్లో సోనాయి.

ప-4 ప-4 గానే ఉన్నాడు.